కిక్కిసగడ్డి జమాఖర్చు

మురుగుకాలువలలోని కిక్కిసను ఏటేటఁ గోయుచున్నను మరల నేల పెరుగుచున్నది? దాని మూలధనము భూమిలోని దుంపయందుండుటచేతనే.

జపానునందు అసయెదా, కరుణరత్న అను శాస్త్రజ్ఞులు కిక్కిసజాతి గడ్డి పెరుగుదలను 2000 సంవత్సరమున గణిత సమీకరణములుగా వ్రాసిరి. వసంతమున దుంపనిల్వ ఖర్చై మొలకలు లేచును. ఆకులు ఎదిగిన పిమ్మట వానియందు తయారైన ఆహారము మరల దుంపకు జమయగును. నిల్వ సన్నగిల్లినపుడు కోసిన గడ్డి క్షీణించును. అచ్చట జూలైకోతకంటె జూనుకోతయే దానిని ఎక్కువ కృశింపఁజేసినది.

మన ఋతువులు వేరు. ఆ నెలలు మనకుఁ జెల్లవు, సూత్రము చెల్లును. నెలనెలా ఒక్కొక్క చదరపు గజము త్రవ్వి, దుంపను ఎండఁబెట్టి తూచి వ్రాసికొనుఁడు. తక్కువ తూఁగిన నెలయే కాలువ బాగుచేయువారికి అదను. ఇంటికప్పునకుఁ గోయువారు మాత్రము గడ్డి యెండువఱకు ఆగవలెను. అప్పుడు మూలధనము చెడదు.