యుద్ధం ముగిసినా ఇల్లు చేరని కుటుంబం

కెనడా రచయిత్రి జాయ్ కొగావా 1981లో వెలువరించిన ‘ఒబాసన్’ నవల, ఒక ప్రజాస్వామ్య ప్రభుత్వం తన పౌరులనే శత్రువుల కింద జమకట్టిన కాలంలో ఒక జపనీస్ కెనడియన్ కుటుంబం ఎలా చెదిరిపోయిందో, చెదిరిపోయి కూడా ఎలా బతికిందో చెప్పే చారిత్రక కల్పన. యుద్ధకాలపు పీడన అనగానే నాజీ శిబిరాలే గుర్తుకు వస్తాయి గాని, పార్లమెంటు, న్యాయస్థానాలు, పత్రికలు యథావిధిగా నడుస్తున్న దేశంలో కేవలం ప్రభుత్వ ఉత్తర్వుల బలంతో సాగిన పీడన కూడా అంతే శ్రద్ధగా తెలుసుకోదగినది.

1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్‌పై దాడి చేసిన వెంటనే, బ్రిటిష్ కొలంబియా తీరంలో జపాన్ సంతతి జాలర్లకు చెందిన సుమారు 1,200 పడవలను కెనడా అధికారులు స్వాధీనం చేసుకున్నారు. యుద్ధ సమయంలో పార్లమెంటు ప్రమేయం లేకుండా మంత్రివర్గమే ఉత్తర్వులు జారీ చేసే వీలు కల్పించిన ‘యుద్ధ చర్యల చట్టం’ కింద, 1942లో తీరం నుంచి దాదాపు 160 కిలోమీటర్ల లోపల నివసిస్తున్న జపాన్ సంతతివారందరినీ వెళ్లగొట్టారు. అలా కదిలించిన సుమారు 22,000 మందిలో అత్యధికులు కెనడాలో పుట్టినవారో, అక్కడి పౌరసత్వం పొందినవారో. వేలాది మందిని మొదట వాంకూవర్‌లోని హేస్టింగ్స్ పార్కు ప్రదర్శనశాలలో, పశువులను కట్టే కొట్టాల్లో ఉంచి, తరువాత పురుషుల్లో చాలామందిని రోడ్డు పనులకు, మిగిలినవారిని స్లోకన్ వంటి పాడుబడిన గనుల ఊళ్లకు పంపారు; కుటుంబమంతా ఒకచోట ఉండాలనుకున్నవారు అల్బెర్టా, మానిటోబాల్లో చక్కెర బీట్‌దుంపల పొలాల్లో కూలికి ఒప్పుకోవలసి వచ్చింది. వీరిలో ఒక్కరిపైనా దేశద్రోహ నేరం మోపలేదు.

ఇంతకన్నా క్రూరమైన ఘట్టం ఆస్తులది. ఇళ్లు, పొలాలు, దుకాణాలు ‘శత్రు ఆస్తుల సంరక్షకుడు’ అనే అధికారి చేతికి వెళ్లాయి. శత్రుదేశీయుల ఆస్తులను యుద్ధకాలంలో భద్రపరచడానికి ఏర్పడిన ఆ పదవికి, యజమానుల సమ్మతి లేకుండానే వాటిని అమ్మే అధికారం 1943 జనవరి ఉత్తర్వు ద్వారా దక్కింది. అమ్మగా వచ్చిన సొమ్ములోంచే నిర్బంధితుల పోషణ ఖర్చు మినహాయించుకోవడంతో, బాధితులు తమ నిర్బంధానికి తామే మూల్యం చెల్లించినట్లయింది. తిరిగి వెళ్లడానికి ఇల్లు మిగలకుండా చేసిన ఈ అమ్మకమే తాత్కాలిక నిర్బంధాన్ని శాశ్వత బహిష్కారంగా మార్చిందని చెప్పాలి. జపాన్ 1945 ఆగస్టులో లొంగిపోయినా, తీరానికి తిరిగి రావడంపై నిషేధం 1949 ఏప్రిల్ 1 వరకు తొలగలేదు. ఈలోగా 1946లో సుమారు 4,000 మందిని ఓడలెక్కించి, వారిలో చాలామంది ఎన్నడూ చూడని జపాన్‌కు పంపివేశారు.

వాంకూవర్‌లో 1935లో పుట్టిన కొగావా, చిన్నతనంలోనే కుటుంబంతో పాటు స్లోకన్‌కు, అక్కడినుంచి అల్బెర్టాకు తరలిపోయిన వ్యక్తి కావడంతో, నవలలోని చలిగాలికి, బీట్‌పొలాల దుమ్ముకు అనుభవపు బరువు ఉంది. 1972లో పెదనాన్న మరణించాడని విని వచ్చిన ఉపాధ్యాయురాలు నవోమి జ్ఞాపకాలుగా కథ నడుస్తుంది. నవోమిని పెంచిన పెద్దమ్మ, పుస్తకానికి పేరైన ఒబాసన్, బాధను పెదవి దాటనివ్వదు. పిన్ని ఎమిలీ మాత్రం ఉత్తర్వులు, ఉత్తరాలు, పత్రికల ముక్కలు పోగుచేసి న్యాయం కోసం పోరాడుతూనే ఉంటుంది. ఎమిలీ పాత్రకు రచయిత్రి మ్యూరియల్ కిటగావా యుద్ధకాలంలో రాసిన లేఖలు ఆధారం. ఈ ఇద్దరిలో ఎవరు సరైనవారని తీర్పు చెప్పకపోవడం నవల గొప్పతనం. యుద్ధానికి ముందు జపాన్ వెళ్లిన నవోమి తల్లి నాగసాకి అణుదాడికి గురైన సంగతిని పెద్దలు పిల్లల మేలు కోరి దశాబ్దాలపాటు దాచడంతో, వారిని కాపాడాలనుకున్న మౌనమే నవోమిని తల్లి ప్రేమకు దూరం చేస్తుంది.

కొగావా నవలను కుటుంబ కథతో ముగించలేదు. జపనీస్ కెనడియన్ల బలవంతపు తరలింపును వ్యతిరేకిస్తూ 1946 ఏప్రిల్‌లో పార్లమెంటుకు అందిన వినతిపత్రంలోని భాగాన్ని చివరి పుటల్లో చేర్చారు. ఆ వినతి నాటికి, 1988 సెప్టెంబరు 22న ప్రధాని బ్రయన్ మల్రోనీ పార్లమెంటులో క్షమాపణ చెప్పి, జీవించి ఉన్న బాధితులకు తలా 21,000 డాలర్ల పరిహారం ప్రకటించిన నాటికి మధ్య నాలుగు దశాబ్దాలు గడిచాయి. తొలితరం వలసదారుల్లో అత్యధికులు అప్పటికే కన్నుమూశారు.