కారు రేడియోలో గరగర

2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటినది. ఆ సాయంకాలము మేము గుంటూరు నుండి విజయవాడకు కారులో వచ్చుచుంటిమి. సెల్‌ఫోను నిలుకడగా పనిచేయుట లేదు. ఏ దారి తెరచియున్నదో తెలిసికొనవలెనని రేడియో పెట్టితిమి. రెండు మాటలు వినవచ్చుట, మూడవ మాటను గరగర మ్రింగివేయుట! వానకు తరంగములు తడిసినవని మాతోనున్న మిత్రుడు హాస్యమాడెను. నిజమునకు ఎఫ్.ఎమ్. తరంగములకు వాన పెద్ద అడ్డు కాదు. తప్పు మా కారులోనే ఉన్నది.

అది ఎక్కడనో వెదకుటకు ముందు ఏరియల్ సంగతి కొంత తెలియవలెను. ఎఫ్.ఎమ్. ప్రసారములు 88 నుండి 108 మెగాహెర్ట్జుల నడుమ జరుగును. 100 మెగాహెర్ట్జుల వద్ద తరంగము పొడవు 3 మీటర్లు. అందులో నాల్గవ వంతు 75 సెంటీమీటర్లు. పాత కార్ల మీద ఊగుచుండిన పొడవాటి కడ్డీ ఇంచుమించు ఈ కొలతదే. నేడు ఆ కడ్డీ అందముగా లేదని, కప్పు మీద సొరచేప రెక్కవంటి చిన్న బుడిపెను పెట్టుచున్నారు. లేదా వెనుక అద్దముపైననే సన్నని గీతలుగా అచ్చువేయుచున్నారు. కొలత తగ్గినకొలది పట్టుబడు సంకేతమును తగ్గును. ఆ లోటు తీర్చుటకు ఏరియల్ మొదట చిన్న యాంప్లిఫయరును అమర్చెదరు. దానికి సుమారు 12 వోల్టుల విద్యుత్తు రేడియో నుండి అందవలెను. కొన్ని కార్లలో ఇందుకు వేరే తీగ ఉండును. కొన్నిటిలో ఏరియల్ కేబులే ఆ పని చేయును. విద్యుత్తు అందనిచో ఏరియల్ ఉండియు లేనట్టే. పైగా ఆగిపోయిన యాంప్లిఫయరు, వచ్చిన కొద్దిపాటి సంకేతమును గూడ అడ్డగించును.

ఇక పరీక్ష. ఒక్క స్టేషను మాత్రమే చెడినచో ఏరియల్‌ను అనుమానింపనక్కరలేదు. అన్నియు బలహీనముగా ఉన్నచో, అదే చోట మరియొక కారులో విని చూడవలెను. సెల్‌ఫోనులోని రేడియోతో పోల్చువారు ఇయర్‌ఫోను తీగను తగిలింపవలెను. అక్కడ ఆ తీగయే ఏరియల్. మేడల నడుమ ఆగినప్పుడు గరగర వచ్చి, కారు ఒకటి రెండు మీటర్లు జరుగగనే తొలగినచో, అది గోడలను తాకి తిరిగివచ్చిన తరంగముల పని. దానికి మరమ్మతు లేదు.

తరువాత ఇంజను ఆపి, రేడియో ఒక్కటే ఉంచి వినవలెను. సిగరెట్ లైటరు రంధ్రములోని ఫోను చార్జరును, ముందు అద్దము మీది కెమెరాను, పైనుండి బిగించిన ఎల్.ఇ.డి. దీపములను ఒక్కొక్కటిగా ఆపి చూడవలెను. చౌకరకము చార్జరు ఒక్కటి స్టేషన్లన్నిటిని మింగిన సందర్భములు మేమెరుగుదుము. పైస ఖర్చులేని పని గనుక దీనిని మొదట చేయుట మంచిది.

అప్పటికిని తీరనిచో కప్పు మీదికి చూడవలెను. మరలతో బిగించు పొట్టి కడ్డీ కారు కడిగినప్పుడు వదులగుట సామాన్యము. దాని మొదట నీరు దిగి త్రుప్పు పట్టినచో, ఏరియల్‌కు కారు రేకుతో ఉండవలసిన సంబంధము చెడును. ఆ రేకు ఏరియల్‌లో రెండవ సగము వంటిది. వెనుక అద్దములో ఏరియల్ ఉన్న కార్లకు లోహపు పూత గల చలువ ఫిల్ము అంటించినను ఇదే నష్టము.

దోషము రేడియోదా, ఏరియల్‌దా అని తేల్చు ఉపాయమొకటి కలదు. రేడియో వెనుకనున్న ఏరియల్ కేబులును ఊడదీసి, ఆ రంధ్రము నడిమి మొనకు మాత్రమే 75 సెంటీమీటర్ల తీగను తాకించి, దానిని కిటికీ వైపు సాచవలెను. తీగ చివర మరి దేనికిని తగులరాదు. స్టేషన్లు మునుపటికంటె బాగుగా పలికినచో రేడియో నిర్దోషి. అటుపిమ్మట కేబులును వెదకవలెను. కాని ప్రక్క స్తంభముల తొడుగులను మాత్రము సొంతముగా పెరుకరాదు. అనేక కార్లలో గాలిసంచులు అక్కడనే ఉండును.

మా కారు సంగతి. తుఫాను వెలిసిన పిమ్మట చూపింపగా, తెరతో సహా రేడియో యావత్తు మార్చవలెనని ఒక దుకాణమువారు చెప్పిరి. వేల రూపాయల మాట. మేము ఇంటికి వచ్చి తీగ ముక్కతో పరీక్షింపగా రేడియో చక్కగా పలికినది. ఆ పరికరము అంతకు ఏడాది క్రితము పాతదాని స్థానమున పెట్టించినదే. వెనుక చూడగా, యాంప్లిఫయరుకు పోవలసిన నీలిరంగు తీగ దేనికిని కలుపబడక, చివర టేపు చుట్టుకొని వ్రేలాడుచున్నది. విజయవాడలో సంకేతము బలమైనది గనుక ఏడాదిపాటు మాకు లోపము తెలియలేదు; ఊరు దాటిన రాత్రి తెలిసినది. తీగను కలుపుటకు పది నిమిషములు పట్టినది.