నోటు వెనక్కి తిప్పి చూడండి

జూనియర్ సివిల్ జడ్జి కోర్టు వరండాలో, భోజనాల వేళ, ఒకామె స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఒళ్లో ఎరువుల కొట్టువాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు. అందులో సమన్లు, దావా నకలు, ప్రామిసరీ నోటు జిరాక్సు. భర్త పోయి ఏడాది దాటింది. ఆయన నాలుగేళ్ల కిందట తీసుకున్న లక్ష రూపాయలు, నూటికి రెండు రూపాయల వడ్డీతో కట్టాలని దావా.

"నేను వేలిముద్ర కూడా వెయ్యలేదయ్యా, నా పేరున కాగితం ఎందుకొచ్చింది?" అని వకీలు గుమాస్తాను అడిగింది. ఆయన జవాబు చెప్పకుండా జిరాక్సు వెనక్కి తిప్పాడు. అక్కడ రెండు వరుసలున్నాయి. ఐదు వందల రూపాయలు చెల్లు, తేదీ. కింద సంతకం.

"ఇది మీ ఆయన సంతకమేనామ్మా?"

ఆమె కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "మా ఆయన ఇంటిపేరు లేకుండా ఎక్కడా సంతకం పెట్టేవాడు కాదయ్యా."

పాత బాకీ మీద కోర్టు కాగితం వచ్చినప్పుడు మనవాళ్లు అంకె చూసి గుండెలు బాదుకుంటారు. ముందు చూడాల్సింది తేదీలు. నోటుకు మూడేళ్లేనని పల్లెల్లో అందరికీ తెలుసు. అందుకే గడువు దగ్గరపడగానే నోటు తిరగరాయించుకుంటారు, లేకపోతే కాలదోషం పడుతుందని. 1963 నాటి కాలపరిమితి చట్టంలో ఉన్నదీ ఇదే. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటుకు, రాసిన రోజు నుంచి మూడేళ్లు. గడువు దాటాక వేసిన దావాను, ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా, కోర్టు కొట్టేయాల్సిందే.

అయితే గడువులోపల కొంత సొమ్ము కట్టి, కట్టినవాళ్లే ఆ సంగతి స్వదస్తూరీతో రాసినా, రాసినదాని కింద సంతకం పెట్టినా, ఆనాటి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. ఐదు వందల చెల్లుతో లక్ష రూపాయల నోటుకు ఊపిరి వస్తుంది. నిజంగా కట్టి ఉంటే అది న్యాయమే. కానీ మూడేళ్లు నిండడానికి సరిగ్గా వారం ముందు తేదీతో, వేరే సిరాతో చెల్లు కనిపిస్తే ఊరుకోకూడదు. అది నాది కాదని ప్రతివాది అంటే, నిజమని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. ఇంకో లెక్క కూడా మరవద్దు. కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది. 2018, 2019 నాటి నోట్లకు వేళ్ల మీద లెక్కేసి ధీమాగా కూర్చున్నవాళ్లు ఇక్కడే దెబ్బతిన్నారు.

కాలదోషం పట్టిన నోటు పట్టుకుని మధ్యవర్తి ఇంటికొచ్చి, "కోర్టు గొడవలెందుకు, ఒక్క సంతకం పెట్టు, నెమ్మదిగా కడుదువుగానీ" అంటాడు. ఆ సంతకంతో చచ్చిన అప్పు లేచి కూర్చుంటుంది. కాలం చెల్లిన బాకీ కడతానని రాసిచ్చి సంతకం చేస్తే, కాంట్రాక్టు చట్టం ప్రకారం అది చెల్లుతుంది. వకీలుకు చూపించకుండా ఏ కాగితం మీదా కలం పెట్టకండి.

ఇక సమన్లు. కోర్టు అమీనా వస్తున్నాడని తెలిసి పెరటి గుమ్మంలోంచి పొలం వెళ్లిపోయే మనుషులు నాకు తెలుసు. భయం కంటే సిగ్గు ఎక్కువ వాళ్లకు. కానీ తీసుకోనంటే తలుపుకు అంటించి పోతారు, అందినట్టే లెక్క. వాయిదాకు వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది. దాన్ని తీయించుకోవడానికి మామూలుగా 30 రోజులే. ఆ డిక్రీని అమలు చేయించుకోవడానికి మాత్రం అవతలివాడికి 12 ఏళ్లు. చెల్లు దొంగదైనా సరే, చెప్పాల్సినవాడు కోర్టులో లేకపోతే అదే నిజమై కూర్చుంటుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

సమన్లు అందిన 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ వేయాలి. కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా గడువిస్తుంది. అందులో "అంతా అబద్ధం" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. దావాలో ఏ మాట తప్పో ఆ మాటను విడిగా కాదనాలి, కాదనని మాట ఒప్పుకున్నట్టే. సంతకం నాదే కానీ ఖాళీ నోటు మీద పెట్టానంటే, సొమ్ము ముట్టలేదని చూపే బరువు ప్రతివాది నెత్తినే పడుతుంది. సంతకమే నాది కాదంటే, అదే కాలం నాటి బ్యాంకు కాగితమో, రిజిస్ట్రేషన్ దస్తావేజో తెచ్చి, నిపుణుడికి పంపమని అడగవచ్చు.

తీసుకున్నది నిజమే, గడువూ ఉంది, చేతిలో డబ్బు లేదు. అప్పుడూ కోర్టుకు వెళ్లడమే మంచిది. వాయిదాల మీద కట్టుకోనివ్వమని జడ్జిని అడగవచ్చు. లోక్ అదాలత్‌లో కూర్చుంటే వడ్డీ తగ్గించి రాజీపడే అప్పులవాళ్లు చాలామందే. అక్కడి తీర్పుపై అప్పీలు ఉండదు కాబట్టి ఒప్పుకునే ముందు అంకెను రెండుసార్లు చదివించుకోవాలి. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. రైతు కాపురముంటున్న సొంత ఇంటిని జప్తు చేయకూడదు.

గుమాస్తా ఆమెకు ఇంకో సంగతి చెప్పాడు. భర్త అప్పుకు ఆమె సొంత కష్టార్జితం పూచీ కాదు. ఆయన ఆస్తి ఎంత చేతికొచ్చిందో అంతవరకే. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారని, అదే ఆవరణలో ఉన్న న్యాయసేవా కార్యాలయం చూపించాడు. దూరంగా ఉన్నవాళ్లు 15100కు ఫోన్ చేయవచ్చు.

"ఇంట్లో ట్రంకు పెట్టెలో సొసైటీ లోను కాగితాలున్నాయి. వాటి మీద ఆయన సంతకాలుంటాయి" అంది ఆమె లేస్తూ. జిరాక్సును వెనకవైపు పైకి వచ్చేలా మడిచి కవర్లో పెట్టుకుంది.