చల్లని దీపము, కరగని మంచు

తెలుగులో "మంచు" అన్నది ఉదారమైన మాట. పుష్యమాసపు వేకువను నాచారము చెరువుపై పరచుకొను పొగ మంచు. గడ్డిపరకపై నిలిచిన బిందువు మంచు. హిమాలయములపై పేరుకొన్నదియు మంచే. మా సహాధ్యాపకులైన ఉర్దూ వారు వీనిని కోహ్రా, ఓస్, బర్ఫ్ అని మూడు పేర్లతో వేరుచేయుదురు. ఉప్పల్ ప్రాంతము వారికి ఆ మూడవ మంచుతో పనియేమని మేమును అనుకొనెడివారము.

గడచిన శీతకాలమున మా పూర్వ విద్యార్థి యొకడు, నాచారము వాస్తవ్యుడు, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రము నుండి ఫోను చేసినాడు. "సార్, రాత్రి డ్యూటీ నుంచి వస్తుంటే దారి కొంచెం కొంచెంగా మసకబారింది. బ్యాటరీ పోతోందనుకున్నాను. పక్కకు ఆపి చూస్తే దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, కాని వాటి మీద రెండంగుళాల మంచు!" అనినాడు. అతని కారు కొత్తది, దానివి ఎల్.ఇ.డి. దీపములు. పాత కారులో ఇట్టి అనుభవము కలుగలేదట. కొత్త దీపము పాతదానికన్న మేలైనది కదా, ఇదేమి విపరీతమని అతని ప్రశ్న. మేము భాష చెప్పువారము గనుక భౌతికశాస్త్ర అధ్యాపకుల నాశ్రయించితిమి.

పాత హాలోజెన్ బల్బులో టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాగి వెలుగునిచ్చును. కారు ముందు దీపమునకు సాధారణముగా 55 వాట్ల బల్బు వాడుదురు. అందులో వెలుగుగా మారునది స్వల్పభాగమే, మిగిలినది వేడిమి. ఆ వేడిలో అధికభాగము కంటికి కనబడని పరారుణ కిరణముల రూపమున వెలుగుతోపాటు ముందుకే ప్రసరించి అద్దమును వెచ్చబరచును. దానిపై వాలిన మంచు కరిగి జారిపోవును. దుబారా అని మనము నిందించిన ఆ వేడియే ఎవరును అడుగని సేవ యొకటి చేయుచుండెను.

ఎల్.ఇ.డి.లో కాగు తీగ లేదు. అర్ధవాహకపు చిన్న పలుకులో విద్యుత్తు ప్రవహించినప్పుడు నీలికాంతి పుట్టును. పైన పూసిన పసుపు ఫాస్ఫరు పొర అందులో కొంతభాగమును మార్చగా మన కంటికి తెల్లని వెలుగు చేరును. ఈ నీలి ఎల్.ఇ.డి.ని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురా అను మువ్వురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. ఈ దీపము వేడెక్కనే వేడెక్కదని చాలమంది నమ్మకము. అది పొరపాటు. పలుకు వేడెక్కును, ఆ వేడి అక్కడే నిలిచినచో పలుకు చెడును. అందుకే వెనుక అల్యూమినియము రెక్కలు అమర్చి వేడిని అటు లాగివేయుదురు. వెలుగు ముందుకు, వేడి వెనుకకు. ముందరి పాలికార్బనేటు అద్దము చల్లగానే యుండును గనుక మంచు నిశ్చింతగా పేరుకొనును. అమెరికాలోని చలి రాష్ట్రములలో విద్యుత్తు ఆదా కొరకు ట్రాఫిక్ సిగ్నళ్ళకు ఈ దీపములు పెట్టినప్పుడును ఇదే జరిగినది. మంచుతుపానులలో ఎరుపో పచ్చయో తెలియక ప్రమాదములు జరుగగా, సిబ్బంది వెళ్ళి ఆ మంచును తొలగింపవలసి వచ్చినది.

కొన్ని కార్లకు అద్దమును వేడిచేయు సన్నని తీగలు గాని, నీటిని చిమ్ము ఏర్పాటు గాని కలవు. అవి లేనివారికి చేయియే గతి. మెత్తని బ్రష్షు చాలును. ఇనుప బద్దతో గీకినచో అద్దముపై పూత చెరుగును. మరుగునీళ్ళు పోసినచో చల్లని ప్లాస్టిక్కు బీటలు వారవచ్చును. బయలుదేరునప్పుడు తుడిచితిమి కదా యని ఊరకుండరాదు. ముందు పోవు వాహనము లేపిన మంచుపొడి దారిలోనే వచ్చి అంటుకొనును గనుక నడుమ నడుమ భద్రమైన చోట ఆగి చూచుకొనవలెను.

ఇదంతయు వినిన పిమ్మట అంతకు ముందటి వానకాలపు మా స్కూటరు సంగతి బోధపడినది. ముసురులో ఉప్పల్ చౌరస్తా నుండి నాచారము వచ్చుచుండగా దీపపు వెలుగు సగమైనది. మరునాడు మెకానిక్ తడిగుడ్డతో బురద తుడిచి, "దీపానికేం కాలేదు సార్, ముఖం కడగాలి" అని నవ్వి డబ్బు తీసుకొనలేదు. అయినను లోపల పట్టిన చెమ్మ రెండు దినములు వదలలేదు. బురదను పాత దీపమును కరిగింపజాలదు, నిజమే. కాని చెమ్మను దాని వేడి త్వరగా ఆరబెట్టెడిది. పలుచని ఆవిరి ఎండకు దానంతట పోవును. అడుగున నీరు నిలిచినచో సీలు పోయినదని గ్రహించి చూపించుకొనవలెను. పొడి ధూళిని పొడిగుడ్డతో రుద్దరాదు, గీతలు పడును.

మురికి అద్దము వెలుగును తగ్గించుటయే గాక దానిని చెదరగొట్టి ఎదుటివాని కన్నులలో పోయును. 2017 ఏప్రిల్ 1 తరువాత మన దేశమున తయారైన ద్విచక్ర వాహనములకు ఇంజను తిరుగునంతసేపు దీపము వెలుగవలెనని నియమము కలదు. దీపము వెలుగుచున్నది గనుక కనబడుచున్నామని విద్యార్థులు ధైర్యపడుదురు. ఉప్పల్ నుండి నారపల్లి వరకు 2018లో మొదలై ఏండ్ల తరబడి సాగిన వంతెన పనుల నడుమ వానలో బండి నడిపినవారిని అడిగిన, ఆ ధైర్యమెంతటిదో చెప్పుదురు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. సాయంకాలపు తరగతుల విద్యార్థులు చీకటి పడిన తరువాతనే ఇండ్లకు పోవుదురు. వాహనముల స్టాండు వద్ద ఒక కుళాయి, ఒక బకెట్టు, నాలుగు పాతగుడ్డలు ఏర్పాటు చేయించిన చాలును. గుడ్డలు మేము తెచ్చెదము.