కాలు జారే ముందు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. వాటిని బట్టి లోతట్టు ఊళ్ళవాళ్ళు మూటాముల్లే సర్దుకుంటారు. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. వరద తీసిన తర్వాత మెట్ల మీద, వాకిళ్ళలో జిగట ఒండ్రు మిగిలింది. ఆ ఒండ్రు మీదే మా అమ్మ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. "వరద వస్తుందని ముందే చెబుతారు గదరా, మనిషి పడతాడని చెప్పలేరా?" అని మంచం మీద నుంచి అడిగింది.

చెప్పవచ్చు. ఎలాగో చూద్దాం.

మనం అడుగు వేసినప్పుడు మొదట మడమ నేలకు ఆనుతుంది. అప్పుడు కాలు ఏటవాలుగా ఉంటుంది. అందువల్ల మడమ నేలను కిందికే కాక ముందుకు కూడా నెడుతుంది. ఆ నెట్టుడుకు ఎదురు నిలిచేది ఘర్షణ బలం. అది చాలకపోతే మడమ ముందుకు దూసుకుపోతుంది. శరీరపు గరిమనాభి వెనకబడిపోతుంది. వెల్లకిలా పడతాం! వెనక కాలి వేళ్ళు జారితే ఇంత ప్రమాదం ఉండదు. అప్పటికే బరువు ముందు కాలి మీదికి మారుతూ ఉంటుంది కదా!

ఇక్కడ రెండు అంకెలు గుర్తుంచుకోవాలి. ఒకటి, అడుగు కోరే ఘర్షణ. నేల మీద అడ్డంగా పడే బలాన్ని నిలువుగా పడే బలంతో భాగిస్తే ఇది వస్తుంది. చదును నేల మీద మామూలు నడకకు ఇది సుమారు 0.2. రెండవది, నేల ఇవ్వగల ఘర్షణ, అంటే ఘర్షణ గుణకం. పొడి సిమెంటు మీద రబ్బరు చెప్పుకు ఇది సాధారణంగా 0.5 కన్నా ఎక్కువే. కాని ఒండ్రు, పాకుడు, సబ్బునీరు కందెనలా మధ్యలో చేరి, చెప్పును నేలకు సరిగా తాకనివ్వవు. గుణకం పడిపోతుంది. నేల ఇచ్చేది అడుగు కోరేదాని కన్నా తగ్గిందా, కాలు జారక తప్పదు.

మడమ రెండు మూడు సెంటీమీటర్లు జారితే చాలాసార్లు మనకు తెలియనే తెలియదు. 10 సెంటీమీటర్లు దాటితే నిలదొక్కుకోవడం కష్టం. ఇదంతా సెకను లోపే జరిగిపోతుంది. వృద్ధుల కండరాలు అంత త్వరగా స్పందించలేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు.

మరి ఉపాయం? నేల ఇచ్చేదాన్ని అప్పటికప్పుడు పెంచలేం. అడుగు కోరేదాన్ని మాత్రం తగ్గించగలం. వానాకాలంలో పొలం గట్ల మీద నారు కట్టలు మోసేవాళ్ళను గమనించండి. కురచ అడుగులు వేస్తారు. పాదాన్ని చదునుగా మోపుతారు. కాలు నిటారుగా ఉంటే ముందుకు నెట్టే బలం తగ్గుతుంది. పల్లంలోకి దిగేటప్పుడు కోరే ఘర్షణ పెరుగుతుంది కనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

మీరే పరీక్షించండి. ఒక చెక్క పలక మీద చెప్పు పెట్టి, దానిలో చిన్న రాయి ఉంచండి. పలకను ఒక చివర మెల్లగా ఎత్తండి. చెప్పు జారగానే ఆపి, ఎత్తిన చివర కింద నేల మీద గుర్తు పెట్టండి. నేల నుంచి ఆ చివర ఎత్తును కొలవండి. ఆ గుర్తు నుంచి పలక రెండో చివరి వరకు దూరాన్ని కొలవండి. ఎత్తును దూరంతో భాగించండి. ఎత్తు 10, దూరం 50 సెంటీమీటర్లయితే గుణకం 0.2. పొడి పలకతో, ఒండ్రు పూసిన పలకతో, కొత్త చెప్పుతో, అరిగిన చెప్పుతో విడివిడిగా చేసి పట్టిక వేయండి.

0.2కు దగ్గరగా వచ్చిన చెప్పు మీ ఇంట్లో ఎవరిదో చూడండి. అది అమ్మమ్మదో తాతయ్యదో అయితే, వానలు మొదలయ్యే లోపే మార్పించండి.