విరిగిన ఎముకకు వెలుగు సాయము

తాటిచెట్టుపై నుండి జారిపడి గీత కార్మికుని కాలు విరిగినదన్న మాట మరిపెడ ప్రాంతపు పల్లెలలో కొత్తది కాదు. వైద్యుడు ఎముకను సరిచేసి కట్టు వేస్తాడు. కొన్ని వారములకు ఎముక అతుకుతుంది. అతికించినది కట్టు కాదు, ఎముకయే. విరిగిన కొనలు కదలకుండా చూచుటయే కట్టు పని.

ఎముక ఎండుకర్ర వంటిది కాదు. దాని బరువులో సుమారు మూడింట రెండు వంతులు హైడ్రాక్సీ అపటైట్ అను కాల్షియం ఫాస్ఫేట్ లవణము. మిగిలిన దానిలో ముఖ్యమైనది కొల్లాజెన్ అను ప్రోటీను. లవణము గట్టిదనమును, ప్రోటీను సాగుదలను ఇస్తవి. ఆస్టియోక్లాస్టులు అను కణములు పాత ఎముకను కరిగిస్తూ ఉంటే, ఆస్టియోబ్లాస్టులు కొత్త ఎముకను కడుతూ ఉంటవి. విరిగిన చోట ముందు రక్తము గడ్డకట్టి, తరువాత మృదులాస్థి, పిదప ఎముక ఏర్పడతవి.

అయితే ప్రమాదములో ఎముక ముక్కయే పోయినచో? ఖాళీ పెద్దదైనప్పుడు కణములు దానిని దాటలేవు. రోగి తుంటి నుండి కొంత ఎముక తీసి అక్కడ నింపుట చిరకాలముగా ఉన్న పద్ధతి. కాని దానికి మరొక గాయము చేయవలెను. దొరికే ఎముకయు కొద్దియే. అందువలన శాస్త్రజ్ఞులు జీవానుకూల పదార్థముల వైపు చూచినారు. 1969లో అమెరికాలోని ఫ్లారిడా విశ్వవిద్యాలయమున లారీ హెంచ్ ఎముకతో గట్టిగా అతుకుకొనే ఒక గాజును తయారుచేసినాడు. నేడు హైడ్రాక్సీ అపటైట్ వంటి ఫాస్ఫేట్లు కూడ వాడుకలో ఉన్నవి. వీటిలో సుమారు 100 మైక్రాన్లు, అంతకు మించిన రంధ్రములుంటే రక్తనాళములు, కణములు లోనికి చొచ్చుకొని పోతవి. పందిరి మీద బీరతీగ పాకినట్లు కొత్త ఎముక వాటిపై పాకుతుంది. కొన్ని పదార్థములు క్రమముగా కరిగి, తమ చోటును ఎముకకు ఇస్తవి.

పందిరి ఉన్నంత మాత్రమున తీగ ఎదగదు. దానికి సత్తువ కావలెను. ఇక్కడనే వెలుగు ప్రసక్తి వస్తుంది. 1967లో బుడాపెస్టులో ఎండ్రె మెస్టర్ తక్కువ శక్తి గల లేజరు కాంతిని ఎలుకలపై ప్రసరింపజేయగా, గొరిగిన చోట వెంట్రుకలు త్వరగా మొలిచినవి. 600 నుండి 1000 నానోమీటర్ల ఎరుపు, పరారుణ కాంతిని మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ గ్రహించి, ఎ.టి.పి. ఉత్పత్తిని పెంచుతుందని ఒక ముఖ్యమైన ఊహ. ఈ ఎ.టి.పి.ని 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్క్‌తో కలిసి మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వేర్వేరుగా కనుగొన్నారు.

విద్యార్థులు చీకటిగదిలో సాధారణ టార్చిలైటుపై వ్రేళ్లు మూసి చూడవచ్చును. ఆవలికి వచ్చేది ఎర్రని వెలుగే. నీలము, ఆకుపచ్చ కాంతులను రక్తము ఎక్కువగా పీల్చివేస్తుంది. ఎర్రని కాంతి కూడ లోతుకు పోయేకొద్దీ క్షీణిస్తుంది. కావున దవడ ఎముకకు అందినంత సులభముగా తొడ ఎముకకు అందదు. మోతాదు మించితే మేలుకు బదులు కణముల పని మందగించవచ్చును కూడ.

జంతువులపై జరిగిన అనేక ప్రయోగములలో జీవానుకూల పదార్థముతో పాటు కాంతిని వాడగా ఎముక త్వరగా పెరిగినది. అన్నింటిలో ఫలితము ఒకే తీరుగా లేదు. మనుష్యులలో ఆధారములు ఇంకను స్వల్పమే. కృత్రిమ పదార్థములు చికిత్సలో స్థిరపడినవి. కాంతి ఇంకను పరీక్షలో ఉన్నది. ఎర్రదీపము చూపి, కట్టు అక్కరలేదని చెప్పేవారిని నమ్మరాదు. ఎముక తన్ను తానే కట్టుకుంటుంది. పందిరియు, వెలుగును దానికి సహాయకులు మాత్రమే.