రైలు ఏనుగు, రెండు రూపాయలు

భిలాయి-3లో చిల్లర లెక్కపెట్టేటప్పుడు రెండు రూపాయల బిళ్ల మీద లాంతరు పట్టుకున్న ఏనుగు కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. అది భోలూ, రైల్వే గార్డు. బోరీబందర్ నుంచి ఠాణేకు 34 కిలోమీటర్లు నడిచిన తొలి ప్రయాణికుల రైలుకు (1853 ఏప్రిల్ 16) 150 ఏళ్లు నిండాయని 2003లో వేసిన స్మారక నాణెం అది. 11 అంచులు, 26 మిల్లీమీటర్ల వెడల్పు, 6 గ్రాముల బరువు. రాగి 75 శాతం, నికెల్ 25.

మార్షలింగ్ యార్డు పక్కనే బతికే ఊరికి ఇంతకంటే దగ్గరి నాణెం ఏముంటుంది? భిలాయి ఉక్కు కర్మాగారం చేసే రైలు పట్టా మీటరుకు దాదాపు 60 కిలోలు తూగుతుంది. ఆ ఒక్క మీటరుకు సరితూగాలంటే ఈ బిళ్లలు 10,000 కావాలి. అతికించి పంపే 260 మీటర్ల పట్టాకైతే 26 లక్షలు!

స్వతంత్ర భారతంలో స్మారక నాణేల వరుస 1964లో నెహ్రూ బొమ్మ ఉన్న రూపాయి, అర్ధరూపాయిలతో మొదలైంది. 1969లో గాంధీ శతజయంతికి వేసిన పది రూపాయల నాణెంలో 15 గ్రాములకు 12 గ్రాములు వెండే. 2011 నాణేల చట్టం ముఖవిలువను 1000 రూపాయల దాకా అనుమతిస్తోంది.

మనవాళ్లకు బాగా తెలిసింది ఎన్టీఆర్ శతజయంతి నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేశారు. ముఖవిలువ 100 రూపాయలు, వెడల్పు 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. వెండి 50 శాతం, రాగి 40, నికెల్ 5, జింక్ 5. అంటే వెండి 17.5 గ్రాములు. ఆ వెండి ధరే వంద రూపాయలకు ఎన్నో రెట్లు, కనుక దాన్ని దుకాణంలో ఎవరూ మార్చరు. పెట్టెలో పెట్టి, ముఖవిలువకు మించిన ధరకు అమ్ముతారు.

భోలూ నాణెం కూలీ చేతికీ వచ్చింది. ఎన్టీఆర్ నాణెం కొనగలిగినవాడికే దక్కింది. జనం మనిషిని జనం జేబుల్లోకి రానివ్వకపోవడం నాకు బాధగానే ఉంది. వెండి నాణెం వేసిన ప్రతిసారీ అదే బొమ్మతో ఒక మామూలు చలామణీ నాణెం కూడా వేయాలి. లోహానికి కొరత లేదు: భిలాయిని నడిపే సెయిల్ సంస్థకే చెందిన సేలం కర్మాగారం నాణేలకు స్టెయిన్‌లెస్ స్టీలు బిళ్లలు కోసి ఇస్తుంది.

ఈసారి చిల్లర చేతికొస్తే సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే ఆ నాణెం హైదరాబాద్ టంకశాలలో ముద్రించింది.